కోర్టు రికార్డుల కంప్యూటర్ ఖర్చు ఎవరి జేబులోంచి రావాలి?

పోయిన వేసవిలో మా కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, బడ్జెట్ సమావేశానికి వెళ్ళాను. బయట టెక్సస్ ఎండ మాడ్చేస్తోంది, లోపల ఏసీ చలికి చేతులు కట్టుకుని కూర్చున్నాం, పట్టుమని పదిహేను మందిమి. రోడ్లయ్యాయి, జైలయింది, షెరిఫ్ ఆఫీసు కొత్త కార్లయ్యాయి. చివర్లో ఎక్కడో ‘రికార్డ్స్ ఆర్కైవ్ ఫీజు, 10 డాలర్లు’ అని చదివారు. ఎవరైనా మాట్లాడతారా అన్నారు. ఎవరూ లేవలేదు. చేతులెత్తారు, అయిపోయింది. నా పక్కన కూర్చున్న తెలుగాయన ఇటు వంగి, "పది డాలర్లే కదండీ, దీనికి మళ్ళీ పబ్లిక్ హియరింగా!" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. నాకీ పిచ్చి మా నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన మున్సిఫ్ కోర్టులో కాపీయిస్టు. సర్టిఫైడ్ కాపీ వెనకవైపు ఒక ముద్ర వేసేవారు. దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు తెమ్మన్న తేదీ, స్టాంపులు దాఖలైన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, అందజేసిన తేదీ, అన్నీ అందులో వరుసగా ఉండేవి. ఆ తేదీల మధ్య ఎడం చూస్తే రికార్డు రూము ఎలా ఉందో తెలిసిపోతుందనేవారు. స్టాంపులు దాఖలైన రోజుకీ కాపీ సిద్ధమైన రోజుకీ నెల తేడా ఉందంటే, కట్ట దొరకలేదన్నమాట. "స్టాంపుల డబ్బు ఖజానాకి, చెదలు మాకు" అని విసుక్కునేవారు.

ఆయన విసుగులో ఉన్న ప్రశ్నే టెక్సస్‌లోని 254 కౌంటీలకూ ఉంది. కోర్టు రికార్డులు స్కాన్ చేయాలి, ఇండెక్స్ చేయాలి, సర్వర్ల మీద దాచాలి, పాత పుస్తకాలకు బైండింగ్ కట్టించాలి. ఈ డబ్బు కేసు వేసేవాడి దగ్గర తీసుకోవాలా, ఇల్లు కొనేవాడి దగ్గరా, కాగితం చూసేవాడి దగ్గరా, ఊరందరి పన్నులోంచా? నాలుగు దారులూ ఎక్కడో ఒకచోట నడుస్తున్నవే. ఒక్కొక్కటీ చూసి, నా లెక్కలో ఏ కౌంటీకి ఏది సరిపోతుందో చెబుతాను.

పేరు విషయంలో ఒక హెచ్చరిక. టెక్సస్‌లో ‘కమిషనర్స్ కోర్టు’ అంటే వ్యాజ్యాలు విచారించే కోర్టు అనుకోకండి. అది కౌంటీ పాలకమండలి. కౌంటీ జడ్జి ఒకరు, కమిషనర్లు నలుగురు. మన జిల్లా పరిషత్తు మీటింగు లాంటిది. కేసు కాగితాలు చూసేది డిస్ట్రిక్ట్ క్లర్కు, కౌంటీ క్లర్కు. ఇద్దరూ ఓట్లతో గెలిచి వచ్చేవాళ్ళే. జనాభా 8,000 లోపున్న కౌంటీల్లో సాధారణంగా రెండు పనులూ ఒకే మనిషి చేస్తారు. క్లర్కు అడుగుతారు, కమిషనర్లు ఇస్తారు. అందుకే హియరింగ్‌లో మన మాటకు విలువ. ఓటు లేని హెచ్-1బి వాళ్ళు కూడా అక్కడ నిలబడి మాట్లాడవచ్చు.

మొదటి దారి: కేసు వేసేవాడే కట్టాలి

టెక్సస్‌లో ఇప్పుడు నడుస్తున్నది ముఖ్యంగా ఇదే. 2022కి ముందు ఫీజులు చిల్లరమల్లరగా ఉండేవి. లా లైబ్రరీకి కొంత, కోర్టు భద్రతకి కొంత, రికార్డుల సంరక్షణకి కొంత, ఆ పైన ‘డిస్ట్రిక్ట్ కోర్టు రికార్డ్స్ టెక్నాలజీ ఫీజు’ అని కౌంటీ తనకు తానుగా వేసుకునే 10 డాలర్ల లోపు ఫీజు ఇంకోటి. ఒక కౌంటీలో విడాకుల పిటిషన్‌కి ఒక మొత్తం, పక్క కౌంటీలో ఇంకో మొత్తం. రసీదు చూస్తే కిరాణా కొట్టు చీటీలా ఉండేది.

2021లో శాసనసభ ఎస్.బి. 41 (సెనేట్ బిల్లు 41) అనే చట్టంతో దీన్ని సర్దింది. 2022 జనవరి 1 నుంచి డిస్ట్రిక్ట్ కోర్టులోగానీ కౌంటీ కోర్టులోగానీ కొత్త సివిల్ కేసు వేస్తే రాష్ట్ర వాటా 137 డాలర్లు, స్థానిక వాటా 213 డాలర్లు, మొత్తం 350. ప్రొబేట్, అంటే వీలునామా, వారసత్వం కేసుల లెక్క వేరు. ఆ 213 ఎలా పంచుతారో చట్టంలోనే ఉంది. క్లర్కు ఖాతాకి 50, లా లైబ్రరీకి 35, రికార్డుల నిర్వహణ, సంరక్షణ ఖాతాకి 30, కోర్టు రిపోర్టరు (విచారణలో మాటలన్నీ రాసుకునే ఉద్యోగి) నిధికి 25, కోర్టు భవనానికి 20, భద్రతకి 20, రాజీ మార్గాలకి 15, జ్యూరీకి 10, అప్పీలు కోర్టులకి 5, అనువాదకుల నిధికి 3. కూడి చూసుకోండి, సరిగ్గా 213 వస్తుంది. ఇ-ఫైలింగ్ వ్యవస్థకి వెళ్ళే డబ్బు వీటిలో లేదు, రాష్ట్ర వాటాలోంచి పోతుంది.

అంటే 350లో రికార్డుల మాట చెప్పి తీసుకునేది 30. ఆ డబ్బుని క్లర్కు ఇష్టమొచ్చినట్టు ఖర్చు చేయడానికి లేదు. రికార్డుల పనికే వాడాలి, కమిషనర్లు బడ్జెట్ ఆమోదించాలి. ఈ దారిలో నాకు బాగా నచ్చేది ఈ తాళమే. రోడ్ల వాళ్ళు వచ్చి, "మీ స్కానర్లు వచ్చే ఏడాది చూద్దాం, ముందు మా బ్రిడ్జి సంగతి తేల్చండి" అంటే కుదరదు. మన వకీళ్ళు వకాల్తాకి వెల్ఫేర్ స్టాంపు అంటిస్తారు చూడండి, 1987 చట్టం ప్రకారం ఆ డబ్బు న్యాయవాదుల సంక్షేమ నిధికే పోతుంది. పద్ధతి అదే. చిన్న మొత్తం, ఒకే గమ్యం.

టెక్సస్ ఫీజుకి ఈ తాళం ఊరికే పడలేదు. 1986లో లీక్రోయ్ వర్సెస్ హాన్లన్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు, ఫైలింగ్ ఫీజులో కొంత భాగాన్ని రాష్ట్ర సాధారణ ఖజానాలో కలపడం చెల్లదంది. న్యాయం కోసం వచ్చినవాడి దగ్గర తీసుకున్న డబ్బు న్యాయస్థానం పనికే వాడాలి, లేదంటే కోర్టు గుమ్మంలో సుంకం వసూలు చేసినట్టే అవుతుంది. 2017లో సాలినాస్ కేసులో క్రిమినల్ కోర్టు ఖర్చుల మీద కూడా ఇలాంటి దెబ్బే పడింది. 2021లో ఫీజులన్నీ ఒక్క గొడుగు కిందికి తేవడం వెనక ఈ భయం చాలానే ఉంది.

మన దగ్గరా ఈ చర్చ జరిగింది. మద్రాసు కోర్టు ఫీజుల చట్టం మీద వచ్చిన జెనిత్ ల్యాంప్ కేసులో 1970ల తొలినాళ్ళలో మన సుప్రీంకోర్టు, కోర్టు ఫీజు అనేది పన్ను కిందికి రాదు, సివిల్ న్యాయ నిర్వహణ ఖర్చుతో దానికి పొంతన ఉండాలి అంది. తర్వాతి తీర్పులు రూపాయికి రూపాయి లెక్క చూపక్కర్లేదని సడలించాయి. మాట ఒకటే, దాన్నుంచి టెక్సస్ ఒక తాళం చేయించుకుంది, మనం చేయించుకోలేదు. అందుకే నాన్నగారికి చెదలు మిగిలాయి.

ఇక ఈ దారిలో లోపం. చిన్న లెక్క వేద్దాం. పశ్చిమ టెక్సస్‌లో ఒక ఎడారి కౌంటీ, ఏడాదికి 60 కొత్త సివిల్ కేసులు అనుకోండి. 60 ముప్పైలు 1,800 డాలర్లు. ఏడాదంతా రికార్డుల ఖాతాకి ఈ వైపు నుంచి వచ్చేది అంతే. ఒక మంచి స్కానరుకే చాలదు. ఇదే డాలస్ చుట్టుపక్కల పెద్ద కౌంటీలో 12,000 కేసులు పడితే 3,60,000 డాలర్లు. ఆ 60 కేసుల కౌంటీకి పాత పుస్తకాలు తక్కువా అంటే, లేదు. వందేళ్ళ కిందట పశువుల మేపు భూముల తగాదాల్లో తయారైన రికార్డు అక్కడా బీరువాల నిండా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు, బ్యాకప్పు, సెక్యూరిటీ లాంటి ఖర్చులు కేసుల సంఖ్య చూసి తగ్గవు. 2020 జనగణనలో లవింగ్ కౌంటీ జనాభా 64. హారిస్ కౌంటీ జనాభా 47 లక్షల పైమాట. ఇద్దరికీ ఫీజు 30 డాలర్లే.

ఇంకోటి, ఫీజు కొత్త కేసు మీద వస్తుంది, భారం పాత కేసుది. 1950లో వేసిన భూమి తగాదా కాగితాలు ఇవాళ పొడిపొడిగా రాలిపోతుంటే దాని రిపేరు ఖర్చు ఇవాళ విడాకులు అడుగుతున్న ఆవిడ కడుతోంది. ఇది న్యాయమా అని నన్నడిగితే, కొంతవరకే న్యాయం. రేపు ఆవిడ డిక్రీ కూడా ఎవరో కాపాడాలి కాబట్టి ఆ మేరకు సరే. అంతకుమించి అడగకూడదు.

డబ్బు లేనివాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి తెలీదు. హెచ్-4 మీద వచ్చి సొంత సంపాదన లేని ఒక అమ్మాయి ఈ 350 చూసి వెనక్కి వెళ్ళిపోవడం నేనెరుగుదును. టెక్సస్ సివిల్ ప్రొసీజర్ రూల్స్‌లో 145వ రూలు కింద ఫీజు కట్టలేనని ప్రమాణపత్రం ఇస్తే ఫీజు లేకుండానే కేసు తీసుకోవాలి. గృహహింసలో రక్షణ ఉత్తర్వు కోరేవాళ్ళ దగ్గర అసలు ఫీజే తీసుకోరు. కౌంటీ బడ్జెట్ వేసేవాళ్ళు మాత్రం ఇది గుర్తుపెట్టుకోవాలి. కేసులన్నిటినీ 30తో గుణిస్తే వచ్చే మొత్తం ఎప్పుడూ చేతికి రాదు.

అద్దె ఇళ్ళ తగాదాలు పడే జస్టిస్ కోర్టుల్లో ఫీజు 54 డాలర్లు, రాష్ట్రానికి 21, స్థానికంగా 33. ఆ 33లో 25 జస్టిస్ కోర్టు సహాయ నిధికి, 5 రాజీ మార్గాలకి, 3 అనువాదకులకి. రికార్డులకంటూ ప్రత్యేకంగా పైసా లేదు. జనం ఎక్కువగా గడప తొక్కే కోర్టుకే రికార్డు నిధి లేకపోవడం విడ్డూరం.

రెండో దారి: ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకునేవాడి మీద వేయాలి

టెక్సస్‌లో కౌంటీ క్లర్కు దగ్గర దస్తావేజు నమోదు చేయిస్తే మొదటి పేజీకి 5, తర్వాత పేజీకి 4 చొప్పున డాలర్లు. దాని మీద రికార్డుల నిర్వహణ ఫీజు 10 వరకు, రికార్డ్స్ ఆర్కైవ్ ఫీజు 10 వరకు కౌంటీ వేసుకోవచ్చు. మా మీటింగులో రెండు నిమిషాల్లో అయిపోయింది ఈ రెండోదే. 20 పేజీల మార్ట్‌గేజ్ పత్రం అనుకోండి. 5కి 76 కలిపితే 81, రెండు పదులు కలిపితే 101. ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్ కాగితాల్లో ‘రికార్డింగ్ ఫీజు’ అనే వరుసలో ఇది కలిసిపోతుంది. లక్షల డాలర్ల లెక్కలో దాన్ని చూసినవాళ్ళెవరు!

ఫ్లోరిడా ఈ దారిలో ఇంకా ముందుకెళ్ళింది. 2004 జులై 1 నుంచి అక్కడ దస్తావేజులో ప్రతి పేజీకి అదనంగా 4 డాలర్లు తీసుకుంటున్నారు. అందులో 1.90 కోర్టు పనుల కంప్యూటర్ ఖర్చుకి క్లర్కుకే, 2 డాలర్లు కోర్టు టెక్నాలజీ కోసం కౌంటీకి, మిగిలిన 10 సెంట్లు క్లర్కుల సంఘానికి. ఆ 20 పేజీల పత్రం మీద ఈ ఒక్క పద్దే 80 డాలర్లు. తేడా గమనించండి. టెక్సస్‌లో రికార్డుల ఫీజు దస్తావేజుకింతని. ఫ్లోరిడాలో పేజీకింతని, అదీ కోర్టు ఖర్చు కోసం ఇల్లు కొనేవాళ్ళ దగ్గర.

మన తెలుగు రాష్ట్రాల వాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ పేరుతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టాక, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజులతో పాటు ‘యూజర్ ఛార్జీలు’ కూడా మన రసీదుల్లో చేరాయి. దస్తావేజు రాసుకునేవాడు ఆ కంప్యూటరుకి తన వాటా ఇస్తున్నాడు, పని కూడా అక్కడే జరుగుతోంది. అది సబబే. కానీ ఇల్లు రిజిస్ట్రేషన్ డబ్బుతో కోర్టు కేసుల సర్వరు నడపడం అంటే పెళ్ళి చేసుకున్నవాడి దగ్గర పుష్కరాల చందా వసూలు చేసినట్టు.

ఈ దారిలో డబ్బు బాగా వస్తుంది, నిజమే. చిక్కల్లా అది వడ్డీ రేట్లతో కలిసి గంతులేస్తుంది. 2021 జనవరిలో 30 ఏళ్ళ ఇంటి అప్పు మీద సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది. మనవాళ్ళలో ఇల్లున్న ప్రతివాడూ రీఫైనాన్స్ చేయించుకున్నాడు, అంటే పాత అప్పు తీర్చి తక్కువ వడ్డీకి కొత్త అప్పు రాయించుకున్నాడు, క్లర్కుల నిధులు పొంగాయి. 2023 అక్టోబరుకి వడ్డీ 7.79కి ఎక్కింది, రీఫైనాన్స్ అన్నవాడే లేడు. పొంగినప్పుడు ఐదేళ్ళ సాఫ్ట్‌వేర్ ఒప్పందం రాసుకున్న క్లర్కు, ఎండినప్పుడు ఏ మొహంతో కమిషనర్ల ముందుకెళ్ళాలి? అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచితే టెక్సస్‌లో పాత పుస్తకాల స్కానింగ్ ఆగిపోవడం ఏం లింకో చూడండి.

ఒక చిన్న కిటుకు కూడా ఉంది. టెక్సస్ ఆర్కైవ్ ఫీజు డబ్బుని పాత రికార్డులు కాపాడడానికి, బాగుచేయడానికే వాడాలి. పటం మీద చూపించేలా ఆస్తుల ఇండెక్సు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కొనకూడదని చట్టం ప్రత్యేకంగా చెప్పింది. లాట్, బ్లాకు నంబర్ల ఇండెక్సు మాత్రం పరవాలేదు. ఏజెంటు వచ్చి మెరిసే మ్యాపు చూపిస్తే, ఏ ఖాతాలోంచి ఇస్తున్నారని అడగాల్సింది ఇందుకే.

మూడో దారి: కాగితం చూసేవాడు పేజీకింతని కట్టాలి

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ పేసర్, అమెరికా ఫెడరల్ కోర్టుల కేసు కాగితాలు ఆన్‌లైన్‌లో చూసే వ్యవస్థ. పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు. మూడు నెలల్లో 30 డాలర్ల లోపు వాడితే ఏమీ కట్టక్కర్లేదు. అడపాదడపా చూసే మనలాంటి వాళ్ళకి దాదాపు ఉచితమే. ఖర్చంతా లా ఫర్ములు, డేటా కంపెనీలు, పరిశోధకుల మీద పడుతుంది.

వినడానికి ఇంతకన్నా న్యాయమైన దారి లేదనిపిస్తుంది. నడిచిన తీరు వేరు. 2016లో మూడు స్వచ్ఛంద సంస్థలు కోర్టుకెక్కాయి, ఫీజు ఖర్చుని మించి వసూలు చేస్తున్నారని. 2018లో జిల్లా జడ్జి, 2020లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఆ డబ్బులో కొంత వాడకూడని పనులకి వాడారని తేల్చాయి. చివరికి 12.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది, 2024లో ఆమోదం పడింది. అంటే తాళం చట్టంలో ఉన్నా, పెట్టె చుట్టూ చేతులు చేరాయి.

కౌంటీలకి ఈ దారి నేను సలహా ఇవ్వను. ఫెడరల్ కోర్టులకున్న లా ఫర్ముల గిరాకీ జిల్లా స్థాయిలో ఉండదు. పైగా పేజీకి డబ్బు అనగానే తన కేసు తానే వాదించుకుంటున్న మనిషి, ఊరి విలేకరి వెనక్కి తగ్గుతారు. వాళ్ళు చూడకపోతే రికార్డు పబ్లిక్ అన్న మాటకి అర్థమేముంది? సర్టిఫైడ్ కాపీకి ఛార్జి వేయండి, అది వేరు. అక్కడ ఒక మనిషి కూర్చుని ముద్ర వేసి సంతకం పెడుతున్నాడు.

నాలుగో దారి: ఖజానా భరించాలి

ఇది మన దేశం ఎంచుకున్నది. ఇ-కోర్టుల పథకం 2007లో మొదలై, రెండో దశకి 1,670 కోట్లు, 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మూడో దశకి నాలుగేళ్ళకి 7,210 కోట్ల రూపాయలు. ఇందులో 2,038.40 కోట్లు పాత రికార్డుల స్కానింగ్, డిజిటల్ భద్రతకే. స్కాన్ చేయాల్సిన పత్రాల సంఖ్య 3,108 కోట్లని అంచనా. భాగించి చూస్తే ఒక్కోదానికి దాదాపు 66 పైసలు. జిరాక్సు షాపులో కాపీ తీయించినా ఇంతకన్నా ఎక్కువవుతుంది.

దీని బలం ఏమిటంటే, అరకులో కేసుకీ ఆదిలాబాద్‌లో కేసుకీ ఒకటే వ్యవస్థ. ప్రతి కేసుకీ ఇచ్చే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు కొడితే వాయిదా తేదీ ఫోన్లో ఉచితంగా వస్తుంది. ఎడారి కౌంటీ 1,800 డాలర్ల సమస్య ఇక్కడ పుట్టదు. మరోపక్క 1956 కోర్టు ఫీజుల చట్టం కింద మన దగ్గర కక్షిదారుడు దావా విలువని బట్టి ఫీజు కడుతూనే ఉన్నాడు. ఆ డబ్బు రాష్ట్ర ఖజానాకి పోతుంది, కంప్యూటరు డబ్బు కేంద్రం నుంచి వస్తుంది. కట్టినదానికీ అందినదానికీ మధ్య తీగె లేదు. దశ పూర్తయ్యాక సర్వర్ల మెయింటెనెన్సు ఎవరిది, పాడైన స్కానరు మార్చేదెవరు అన్న చోట ఈ పథకాలు తూలుతుంటాయి. కొనడానికి ఖజానా ముందుంటుంది, నడపడానికి వెనకాడుతుంది.

టెక్సస్‌లో ఖజానా దారికి ఇంకో అడ్డు. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కౌంటీ బతికేది ఆస్తి పన్ను మీద. 2019లో వచ్చిన ఎస్.బి. 2 ప్రకారం ఉన్న ఆస్తుల మీద పన్ను రాబడి ఏడాదికి 3.5 శాతం మించి పెంచాలంటే ఓటర్ల దగ్గరకెళ్ళాలి. షెరిఫ్‌తో, జైలుతో పోటీపడి రికార్డు రూము నెగ్గడం కష్టం. చెదపురుగులకి ఓటు బ్యాంకు లేదు కదా. కౌంటీలు ఫీజుల వైపు మొగ్గడానికి ఇదే అసలు కారణం.

ఖజానా దారి అంటే కేంద్రీకరణ అని కూడా చాలామంది అనుకుంటారు. అక్కడ కాస్త ఆగాలి. 2023 అక్టోబరులో కాన్సస్ రాష్ట్ర కోర్టుల మీద సైబర్ దాడి జరిగి, 105 కౌంటీల్లో 104 చోట్ల ఇ-ఫైలింగ్ వారాల తరబడి ఆగిపోయింది. జనం మళ్ళీ కాగితాలు పట్టుకుని కౌంటర్ల దగ్గర నిలబడ్డారు. నడిచింది ఒక్క జాన్సన్ కౌంటీలో, ఎందుకంటే అప్పటికి అది రాష్ట్ర వ్యవస్థలో చేరలేదు. డబ్బు ఒకచోట నుంచి రావడం మంచిదే. ప్రాణమంతా ఒకే చిలకలో పెట్టడం మాత్రం కథల్లో రాక్షసుడికి కూడా కలిసిరాలేదు.

ఎవరికి ఏది

నేను చూసేది ఒక్కటే. ఖర్చు దేంతో పాటు పెరుగుతోందో, డబ్బు కూడా దానితోనే పెరగాలి.

కొత్త కేసు పడితే కొత్త పని పుడుతుంది. ఇండెక్సింగ్, స్టోరేజి, ఆ కేసు చూసుకోవడానికి తెర. దీనికి ఫైలింగ్ ఫీజు చక్కగా సరిపోతుంది. కొత్త దస్తావేజు పని కూడా అంతే, దానికి దస్తావేజు ఫీజు. పాత కట్టల స్కానింగు మాత్రం ఏ కొత్త కేసుతోనూ పెరగదు, తరగదు. అది ఒకసారి తీర్చుకోవలసిన పాత బాకీ. దాన్ని సాధారణ బడ్జెట్‌లోంచి, ఇన్నేళ్ళలో పూర్తి అని గడువు పెట్టుకుని తీర్చాలి. ఫీజు డబ్బు వేణ్ణీళ్ళకు చన్నీళ్ళలా కలవవచ్చు గానీ, చన్నీళ్ళతోనే స్నానం అంటే చలికాలం గడవదు.

కాబట్టి ఏడాదికి వేల కేసులు పడే శివారు కౌంటీలైతే, అంటే మనవాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్ ఉత్తరం, హ్యూస్టన్ పడమర లాంటివైతే, ఉన్న 30 డాలర్లతో రోజువారీ పని నడపగలవు. అక్కడ అడగాల్సింది నిధి ఎంత పేరుకుపోయిందని. అనేక ఏళ్ళుగా ఖర్చు కాకుండా పడి ఉందంటే, ఫీజు ఎక్కువైనా తీసుకుంటున్నట్టు, పనైనా చేయనట్టు.

వందలోపు కేసుల కౌంటీకి ఫీజు మీద కలలు వద్దు. పక్క కౌంటీలతో కలిసి ఒకే కాంట్రాక్టు తీసుకోవడం, పాత పుస్తకాలకి బడ్జెట్‌లో ఏటా ఒక చిన్న వరుస ఖాయం చేసుకోవడం మేలు. ఆర్కైవ్ ఫీజు 10 డాలర్లూ వేసుకోవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఐదేళ్ళ ఒప్పందం రాసుకోకూడదు. ఇళ్ళు కొత్తగా లేస్తున్న మధ్యరకం కౌంటీలకి దస్తావేజు ఫీజు తీపిగా కనిపిస్తుంది. మంచి ఏడాదిలో వచ్చిన మిగులుతో స్కానింగు లాంటి ఒక్కసారి పనులు చేయించుకోండి, నెలనెలా బిల్లు వచ్చేవి దాని మీద పెట్టకండి.

మన తెలుగు రాష్ట్రాల సంగతి అడిగితే, కోర్టు ఫీజు పెంచమని నేననను, ఇప్పటికే దావా విలువ మీద కడుతున్నాం. వస్తున్న దాంట్లోంచి చిన్న భాగం జిల్లా కోర్టు రికార్డు రూము పేరు మీద విడిగా చూపిస్తే చాలు. కేంద్రం కొనిచ్చిన స్కానరుకి గాజు పగిలితే మార్చుకోవడానికి ఢిల్లీ వైపు చూడక్కర్లేకుండా.

ఇక హియరింగుకి వెళ్ళేవాళ్ళకి. టెక్సస్‌లో ఆర్కైవ్ ఫీజు వసూలు చేయాలంటే క్లర్కు ఏటా రాతపూర్వకంగా ప్రణాళిక ఇవ్వాలి, బహిరంగ విచారణ జరగాలి, దానికి కనీసం 15 రోజుల ముందు పత్రికలో ప్రకటన రావాలి. క్లర్కు ఆఫీసులో ఫీజు ఎంతో, ఎందుకో బోర్డు కూడా పెట్టాలి. ఆ ప్రణాళిక ముందే అడిగి చదవండి. అందులో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు పుస్తకాలు ఈ ఏడాది పూర్తవుతాయో ఉందా? పోయిన ఏడాది ఇంత చేస్తామన్నది చేశారా? స్కాన్ చేసిన బొమ్మలు కౌంటీవా, కంపెనీవా, కాంట్రాక్టు ముగిస్తే ఏ రూపంలో తిరిగిస్తారు? ఈ మూడో ప్రశ్నకి చాలాచోట్ల తడబాటు కనిపిస్తుంది. నాలుగోది, ఫీజు మాఫీ అయిన కేసులు తీసేసి వేశారా రాబడి అంచనా?

మా కౌంటీ ప్రణాళిక నేను తర్వాత తెప్పించుకుని చూశాను, నాలుగు పేజీలు. ‘పాత రికార్డుల సంరక్షణ కొనసాగించబడును’ అని ఉంది. ఏ పుస్తకాలో లేదు, ఎన్నో లేదు. పక్కాయనకి ఫోన్ చేసి చదివి వినిపిస్తే, "అయితే మనం వచ్చే జులైలో లేచి అడగాల్సిందేనండీ" అన్నాడు. ముందు వరుసలో కూర్చుందామనుకున్నాం, ఏసీకి స్వెట్టర్లు తెచ్చుకుని.